ఆధారం లేని వాక్యం

మా సంఘంలో ఒక అలవాటు ఉంది. ఎవరు లేచి మాట్లాడినా, బైబిలు లేఖనంలోని మాట ఒకటి ఎత్తితే, అది ఏ అధ్యాయంలో ఎక్కడుందో చెప్పి ఆగాలి. కూర్చున్నవాళ్లంతా పేజీలు తిప్పుతారు. ముందుగా చోటు దొరికినవాళ్లు పైకి చదువుతారు. ఆ తర్వాతే మాట్లాడేవారు ముందుకు సాగాలి. మా పాస్టరుగారికి సగం గ్రంథం నోటికి వచ్చు. అయినా ఆయన కూడా ఆగేవారు. నేను చెప్పానని నమ్మకండి, తీసి చూడండి అనేవారు. ఎల్బీనగర్‌లో ఒక టైర్ల దుకాణం మీద ఉన్న హాలు మాది. పైన పేజీలు తిరిగే చప్పుడు, కింద టైర్లకు గాలి కొట్టే చప్పుడు. ఆ రెండింటి మధ్యే నేను చదవడం నేర్చుకున్నాను. పదేళ్లకే అందరికంటే ముందు నాకు చోటు దొరికేది. ఆ సంగతి నాకు తెలుసు, నలుగురికీ తెలియాలని కూడా ఉండేది.

అలా పెరిగిన నేను ఎంసీఏ ఆఖరి ఏడాదిలో, చూడని సంగతి ఒకటి చూసినట్టు రాశాను. తెలంగాణ కోసం ఊరూరా టెంట్లు వెలసిన రోజులవి. ఆ ఒక్క వాక్యం కోసం తర్వాత పది రోజులు తిరిగాను. నేను రాసిన మరే వాక్యం కోసమూ అంత తిరగలేదు.

మా కాలేజీ ఎల్బీనగర్ దాటాక, పెద్ద అంబర్‌పేట్ వెళ్లే దారిలో ఉండేది. ఆఖరి ఏడాదిలో ప్రతివాళ్లూ ఒక అంశం మీద పత్రం రాసి, బయటి నుంచి వచ్చే పరీక్షకుడి ముందు చదవాలి. నాకు వచ్చిన అంశం లినక్స్ చరిత్ర. లినక్స్ అంటే కంప్యూటర్‌ను నడిపే వ్యవస్థ. దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు, లోపల ఎలా రాశారో విప్పి చదవచ్చు, తప్పు కనబడితే దిద్ది పంపవచ్చు. విప్పి చూడనిచ్చేది అనగానే నాకు నచ్చింది.

నా పత్రాన్ని చూసే మేడమ్ గుంటూరు వైపు ఆవిడ. ఆవిడ షరతు ఒకటే. రాసిన ప్రతి సంగతి కింద ఆధారం ఉండాలి. అది ఆ పని చేసినవాళ్లదో, దగ్గరుండి చూసినవాళ్లదో కావాలి, ఎవరో చెప్పగా విన్నవాళ్లది కాదు. అలా లేకపోతే ఆవిడ సంతకం పెట్టరు. సంతకం లేకపోతే పరీక్షకుడి ముందుకు వెళ్లే వీలు లేదు, ఏడాది పోతుంది.

చివరి అధ్యాయం ఆ వ్యవస్థలోకి తెలుగు ఎలా వచ్చిందన్నది. తెర మీద ఇంగ్లీషు మాటల చోట తెలుగు మాటలు కనిపించేలా కొందరు తీరిక వేళల్లో కూర్చుని అనువదించారు. ల్యాబులో ఒకసారి ఆ తెర చూశాను. ఒక చోట ‘నిష్క్రమించు’ అని ఉంది. మా ఇంట్లో ఎవరూ నిష్క్రమించరు, పోతారు. చిన్నప్పటి నుంచి పాఠ్యపుస్తకంలో మా మాట లేదు. సినిమాలో ఉంటే దొంగ నోటో నౌకరు నోటో ఉండేది. బడిలో ‘ఎట్ల’ అన్నందుకు నన్ను నిలబెట్టి పదిసార్లు ‘ఎలా’ అనిపించారు. ఆ మంట లోపల ఉంది. క్యాంటీన్‌లో, బస్టాపులో అప్పుడు అందరి నోటా అదే మంట. నేను ఇలా రాశాను: ‘లినక్స్‌లోని తెలుగును రాసినవారంతా కోస్తావారు. తెలంగాణ మాట ఒక్కటీ అందులో లేదు.’

రాయడానికి రెండు నిమిషాలు పట్టలేదు. కింద ఆధారం రాయలేదు. కావాలని కూడా అనిపించలేదు.

మా నాన్న సిటీ బస్సు డ్రైవరు. పెళ్లయిన కొత్తలో నల్లగొండ జిల్లా నుంచి వచ్చి, కొత్తపేట పండ్ల మార్కెట్టు వెనక గల్లీలో కిరాయికి దిగాడు. అప్పుడు తెలంగాణ కోసం సమ్మెలో ఉన్నాడు. పొద్దున్నే జేబు మీద నల్ల బ్యాడ్జీ పెట్టుకుని, డిపో ముందు టెంటుకు పోయి, సాయంత్రం వచ్చేవాడు. స్టీరింగు పట్టని చేతులు ఆయనకు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఒకరోజు నా పక్కన కూర్చుని, ఏం రాస్తున్నవో జర సదువు బిడ్డా అన్నాడు. లినక్స్ పుట్టుక గురించి రెండు పేజీలు చదివాను. మర్యాదగా విన్నాడు. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి నిటారుగా కూర్చున్నాడు. మళ్లీ సదువు అన్నాడు. తర్వాత ఒక కాయితం తీసుకుని, ఒక్కొక్క అక్షరమే దిద్దినట్టు దాన్ని ఎక్కించుకున్నాడు.

మర్నాడు టెంటులో మైకు తీసుకుని ఆ వాక్యం చదివాడట. చప్పట్లు కొట్టారట. ఇంటికి వచ్చి సంతోషంగా చెప్పాడు. "మా బిడ్డ కంప్యూటర్ల జూసి రాసింది అని జెప్పిన."

జూసి అన్నాడు, నేను చూసింది ఒక్క తెర. కానీ ఆయన ముఖం చూసి ఆ సంగతి చెప్పలేదు.

మా సంఘంలో సగం మంది నల్లగొండ వైపు నుంచి వచ్చినవాళ్లు, సగం మంది కోస్తా వాళ్లు. అంతకుముందు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చునేవాళ్లం. ఆ నెలల్లో ఎవరూ చెప్పకుండానే చాపలు రెండు పక్కలయ్యాయి. పాస్టరుగారు ప్రార్థనలో, ప్రభువా మా రాష్ట్రాన్ని దీవించు అనేవారు. ఏ రాష్ట్రమో చెప్పేవారు కాదు. ఎవరి రాష్ట్రాన్ని వాళ్లు తలుచుకుని అందరమూ ఆమెన్ అనేవాళ్లం.

బంద్‌ల మధ్య కాలేజీ తెరిచిన ఒక రోజు మేడమ్ నా పత్రం తిరిగి ఇచ్చారు. ఆ వాక్యాన్ని ఆవిడ కొట్టెయ్యలేదు. పక్కన మార్జిన్‌లో పెన్సిలుతో సన్నగా రాశారు: ‘ఒక్కటీ లేదా? చూశావా?’

ఆవిడకు కోపం వచ్చిందనుకున్నాను. స్టాఫ్ రూముకి వెళ్లి, నా మాట మిమ్మల్ని నొప్పించిందా అని అడిగాను. లోపల నొప్పించాలనే ఉందేమో, ఇప్పుడు చెప్పలేను.

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నాకు కోపం వస్తే కొట్టేసేదాన్ని. అడిగానంటే నాకు తెలియక అడిగాను. నిజమైతే ఉంచు, నేనే సంతకం పెడతా. పది రోజులు టైముంది. ఆధారం పట్టుకురా."

యూనివర్సిటీ లైబ్రరీ మూసి ఉంది. బస్సులు లేవు. కొత్తపేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచాను. కోచింగ్ సెంటర్ల గల్లీలో ఒక జిరాక్స్ దుకాణాయన నా అంశం వినగానే, తయారుగా ఉన్న పత్రం ఒకటి చూపించాడు. చివరి పేజీ నిండా పుస్తకాల పేర్లు ఉన్నాయి. ఈ పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి అని అడిగాను. అతను నావైపు జాలిగా చూశాడు. పేర్లు ఉంటే చాలక్కా, బుక్కులెందుకు అన్నాడు. నాకు ఒళ్లు మండింది. చూడని సాక్ష్యం చెప్పడం ఎంత పెద్ద పాపమో మెట్లు దిగుతూ మనసులో అతనికి బోధించాను. ఆఖరి మెట్టు దగ్గర నా సొంత వాక్యం గుర్తొచ్చింది. బోధ ఆగిపోయింది.

అదే గల్లీలో సీడీలు, పాత కంప్యూటర్ పత్రికలు అమ్మే దుకాణం ఒకటి ఉండేది. యజమాని మధ్యవయసు మనిషి, కౌంటర్ వెనక ఎప్పుడూ ఏదో ఒకటి విప్పి పెట్టుకుని కూర్చునేవాడు. లినక్స్ చరిత్రకు సోర్స్ కావాలి అని అడిగాను. మా మేడమ్ ఆధారాలను సోర్సులు అనేవారు, నాకూ అదే అలవాటయింది. అతను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా లోపలికి వెళ్లి ఒక డీవీడీ తెచ్చి ఇచ్చాడు.

ఇంటికి వచ్చి నా పాత కంప్యూటర్‌లో పెట్టి చూస్తే అందులో చరిత్ర లేదు, వ్యాసమూ లేదు. లినక్స్ మొత్తాన్ని ఏ రాతతో తయారు చేశారో ఆ రాత ఉంది. దాన్నీ సోర్స్ అనే అంటారు. మర్నాడు మళ్లీ అంత దూరం నడిచి వెళ్లి, నేను అడిగింది ఇది కాదన్నాను.

"సోర్స్ గావాల్నంటివి గదక్కా. గిదే సోర్స్. ఇంతకన్న ఎన్కకు పోతే ఇంకేముండదు." స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, నా ముఖం చూసి నవ్వాడు. "విప్పి జూసినవా అసలు?"

మేడమ్ మార్జిన్‌లో అడిగిన ప్రశ్నే. డీవీడీ తీసుకుని ఇంటికి వచ్చాను.

బొగ్గు గనుల్లోనూ సమ్మె కాబట్టి పగలంతా కరెంటు వచ్చిపోతూ ఉండేది. ఉన్నంతసేపు చదివాను. వేల ఫైళ్ల మధ్య ఒక ఫైలు కనబడింది. అందులో పేర్లు, పేర్లు, పేర్లు. ప్రతి పేరు కింద ఆ మనిషి ఏ భాగం రాశాడు, ఏ తప్పు దిద్దాడు, ఏ ఊళ్లో ఉంటాడు అని రెండు మూడు ముక్కలు. అంతే. గొప్పలు లేవు. నాకు చిన్నప్పుడు సంఘంలో నిలబెట్టి చదివించిన ఒక అధ్యాయం గుర్తొచ్చింది. పడిపోయిన పట్టణపు గోడను తిరిగి కట్టినప్పుడు ఎవరు ఏ గుమ్మం నుంచి ఎంతవరకు కట్టారో పేరుపేరునా అందులో ఉంటుంది. నోరు తిరగని ఆ పేర్లు చదవలేక, ఇది ఎందుకు రాశారు అని పాస్టరమ్మగారిని అడిగాను. కట్టారు కాబట్టి అన్నారావిడ. ఆ రోజు అది జవాబులా అనిపించలేదు. ఇప్పుడు ఆ ఫైలు ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చున్నాను.

మొదటి అధ్యాయాలకు ఆధారాలు అలా దొరికాయి. ఇక మిగిలింది నా వాక్యం. తెలుగు అనువాదాలు వేరే ఫైళ్లలో ఉన్నాయి. ఒక పక్క ఇంగ్లీషు మాట, దాని కింద తెలుగు మాట. పైన అనువదించినవాళ్ల పేర్లు. పేర్లను బట్టి ఎవరిది ఏ ఊరో తెలియదు. మాటలు చూద్దామని మొదలుపెట్టాను. ఫైల్ అన్న ఇంగ్లీషు మాట కింద ‘దస్త్రం’ అని ఉంది.

ఆ మాట నాకు పుస్తకంలో తెలిసింది కాదు. మా నాన్న నోట తెలిసింది. ఊళ్లో భూముల లెక్కలు రాసే పట్వారీ కాయితాల కట్టను ఆయన దస్త్రం అంటాడు. మా ఇంట్లో నా సర్టిఫికెట్లు పెట్టిన సంచీని కూడా దస్త్రమే అంటాడు. ఇంతకాలం వెతుకుతున్న మా మాట కళ్ల ముందు కనబడితే సంతోషం కలగాలి. నాకు భయం వేసింది. ‘ఒక్కటీ’ అన్న మాటను ‘దాదాపు’ అని మార్చేస్తే ఎవరికీ తెలియదు అని మొదట అనిపించింది. అలా అనిపించినందుకు మోకరించాను. ప్రార్థనలో ఏం అడగాలో మాత్రం తెలియలేదు.

ఆ ఫైలు మీద ఉన్న పేర్లలో ఒక స్త్రీ పేరు ఉంది. నెట్ సెంటర్ నుంచి, పేరు పక్కన ఉన్న ఈమెయిలుకు ఉత్తరం రాశాను. రెండు రోజులకు తెలుగులోనే జవాబు వచ్చింది. ఆవిడ ఎక్కడో దూరాన లేరు. మా సంఘం హాలుకు నాలుగు వీధుల అవతల, ఎల్బీనగర్‌లోనే ఒక కాలనీలో ఉన్నారు. రమ్మన్నారు.

బస్సులు లేవని నాన్న తన పాత స్కూటర్ మీద తీసుకెళ్లాడు. ఎందుకు వెళుతున్నామో సగమే చెప్పాను. కంప్యూటర్‌లో తెలుగు రాసినావిడ అన్నాను. గేటుకు గొలుసు వేసి ఉంది. పై అంతస్తు నుంచి ఒకావిడ దిగి వచ్చి, నన్ను కాదు, నాన్న జేబు మీది బ్యాడ్జీని చూశారు.

"మొన్ననే ఇచ్చామండీ చందా. మావారు కూడా ఇంట్లో లేరు."

నాన్న ముఖం చిన్నబోయింది. నేను ముందుకు వచ్చి, ఉత్తరం రాసింది నేనేనని చెప్పాను. ఆవిడ నొచ్చుకుని గొలుసు తీశారు. కుర్చీలు వేసి కాఫీ ఇచ్చారు. నాన్న బ్యాడ్జీ తియ్యలేదు. ఆవిడ మళ్లీ దానివైపు చూడలేదు.

అడగాల్సింది అడిగే ముందు ఆవిడకు నా వాక్యం చూపించాలి. చూపించకుండా అడిగితే అది ఇంకో మోసం. పత్రం తెరిచి ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ చదివారు. పక్కన పెన్సిలు ప్రశ్న కూడా చదివారు. పత్రం మూసి ఒళ్లో పెట్టుకున్నారు. పక్కింట్లో కుక్కర్ కూత పెట్టి ఆగింది.

"ఇందులో సగం నిజమేనమ్మా," అన్నారు. "మా చెవికి పట్టిన మాటలే పెట్టాం. అటు వాళ్లూ ఇటు వాళ్లూ ఉన్నాం గానీ, అందరం పుస్తకాల్లో మాటలే వెతికాం. మీ ఇంట్లో ఎలా అంటారు అని ఎవరినీ అడగలేదు. ఆ సగం రాయి, నా పేరు పెట్టి రాయి. ఒక్కటీ లేదని మాత్రం అనకు."

తర్వాత దస్త్రం సంగతి చెప్పారు. ఫైల్‌కు ఏ మాట పెట్టాలో తేలక చాలా రోజులు కొట్టుకున్నారట. ఆ ఇంటి ఓనరు నల్లగొండ వైపు నుంచి వచ్చిన పెద్దాయన. కింది వాటాలో ఒక్కరే ఉండేవారు. ఒకరోజు ఊరికి వెళుతూ ఇంటి కాయితాలన్నీ ఎర్రగుడ్డలో చుట్టి పైకి తెచ్చారు.

"‘అమ్మా, గీ దస్త్రం జర నీ బీరువల పెట్టు’ అన్నారు. చేతిలో పట్టుకుని అట్టాగే నిలబడిపోయానండీ," అన్నారు ఆవిడ, ఈసారి నాన్నతో. "మా తాతగారు కరణం. మా ఇంట్లోనూ దస్త్రాలే. కానీ ఆ మాట విని ఎన్నాళ్లయిందో. పూర్తిగా మర్చిపోయాను. అది మీ మాటా మా మాటా అంటే నేను చెప్పలేను. నాకు గుర్తు చేసింది మాత్రం ఆయన."

పెద్దాయన అంతకుముందు ఏడాది పోయారు. కింది వాటాకు తాళం వేసి ఉంది. ఫైలు మీద ఆయన పేరు ఎందుకు లేదని అడిగాను. రాసినవాళ్ల పేర్లకే అక్కడ చోటుందని, ఆయన రాయలేదని, ఊరికే అన్నారని ఆవిడ చెప్పారు. నేను ఆయన పేరు అడిగి రాసుకున్నాను.

అప్పటిదాకా కాఫీ గ్లాసు చేతిలో తిప్పుతూ ఉన్న నాన్న అప్పుడు మాట్లాడాడు. "మా తాత పట్వారి ఎన్క దస్త్రం మోసేటోడు. నెత్తి మీద పెట్టుకొని ఊరూరు తిరిగేటోడు. దాంట్ల ఏమున్నదో ఆయనకు ఎన్నడు తెల్వదు. ఇప్పి జూసే హక్కు లేకుండె."

ఆవిడ లేచి కంప్యూటర్ పెట్టి, ఆ ఫైలు తెరిచి, నాన్నను దగ్గరికి పిలిచి ఆ మాట చూపించారు. ఆయన ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివాడు.

తిరిగి వచ్చేటప్పుడు పండ్ల మార్కెట్టు ముందు స్కూటర్ ఆపాడు. దిగలేదు, వెనక్కి తిరగలేదు. నువ్వు రాసింది తప్పు గదా బిడ్డా అన్నాడు. అవునన్నాను. జూడకుంట రాసినవా అన్నాడు. అవునన్నాను. నీతో ఒక్క మాట చెప్పాల్సింది నాన్నా, నువ్వు మైకులో చదివానని చెప్పిన రోజే చెప్పాల్సింది అన్నాను. ఆయన ముందుకే చూస్తూ ఉన్నాడు. బత్తాయి తొక్కలు ఎండిన వాసన వస్తోంది.

"ఇప్పుడు రాసియ్యి," అన్నాడు. "నోటితోటి జెప్తే నమ్మరు. కింద యాడ జూసినవో గది గూడ రాయి."

మేడమ్‌కు ఇచ్చిన పత్రంలో ఆ వాక్యం లేదు. దాని చోట అనువాదకురాలు ఒప్పుకున్న సగం ఉంది, దస్త్రం కథ ఉంది. ఆ మాట కోస్తాలోనూ ఉందన్న సంగతి ఉంది. పెద్దాయన పేరు ఉంది. అన్నిటి కింద ఆధారాలు ఉన్నాయి. మేడమ్ అంతా చదివి సంతకం పెట్టారు. పాత ప్రతి నాకు తిరిగి ఇచ్చారు. పెన్సిలు ప్రశ్నను ఆవిడ చెరపలేదు, నేనూ చెరపలేదు.

ఆ మర్నాడు నాన్నతో టెంటుకు నేనూ వెళ్లాను. ఆయన మైకు తీసుకుని, నేను రాసిచ్చిన కాయితం విప్పి, ముందు చదివింది తప్పని చెప్పి, కొత్తది చదివాడు. చప్పట్లు రాలేదు. వెనక వరుసలోంచి ఒక కండక్టరు గట్టిగా అన్నాడు. "ఏందన్నా, నీ బిడ్డె అటు దిక్కు మర్లిందా?" కొందరు నవ్వారు.

నాన్న చెవులు ఎర్రబడ్డాయి. కాయితం మడిచి జేబులో పెట్టుకుంటాడనుకున్నాను. పెట్టుకోలేదు.

"ఎటు మర్లలే. పోయి జూసొచ్చింది. నేను గూడ జూసిన."

ఆ కండక్టరు లేచి, కుర్చీల మధ్య నుంచి ముందుకు వచ్చాడు. గొడవ పెట్టుకుంటాడేమోనని నేను నాన్న పక్కకు జరిగాను. అతను చెయ్యి చాచి, యాడున్నదో జూపియ్యి అన్నాడు. నాన్న కాయితం ఇచ్చి, నేను కింద రాసిన చోటు మీద వేలు పెట్టాడు. ఫైలు పేరు, వరుస, దాని కింద ఆ మాట. కండక్టరు పెదవులు కదుపుతూ ఒకసారి లోపల చదువుకున్నాడు. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. టెంటులో అందరూ ఆగారు.

"దస్త్రం," అని అతను పైకి చదివాడు.